వర్క్ ఫ్రమ్ హోమ్ వచ్చాక మా అవుట్‌రీచ్ సెక్షన్‌కి కొత్త మొహాలు రావడం లేదు. మీ దగ్గరా అంతేనా?

కిటికీపక్కసీటు | సోమవారం, ఉదయం 8:50

అందరికీ నమస్కారం. ఒక విశ్వవిద్యాలయం అవుట్‌రీచ్ సెక్షన్‌లో పనిచేస్తున్నాను. బడులు, మహిళా సంఘాలు, రైతులు, చిన్న వర్క్‌షాపుల వాళ్లు... బయటి జనానికీ మా డిపార్ట్‌మెంట్లకూ మధ్య గడప మీద కూర్చునే ఉద్యోగం. మూడేళ్లుగా మాకు హైబ్రిడ్. వారంలో మూడు రోజులు ఇంటి నుంచి, రెండు రోజులు ఆఫీసులో.

ముందే చెప్పేస్తున్నా, ఇంటి నుంచి పనంటే నాకు ఇష్టమే. ఇదివరకు సంతకాల కోసం మూడు అంతస్తులు తిరిగే ఫైలు ఇప్పుడు పొద్దున పంపితే మధ్యాహ్నానికల్లా తిరిగొస్తోంది. ఆ విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు.

మొన్న ఆడిట్ వాళ్లు అడిగారని పాత విజిటర్ల రిజిస్టర్ బీరువాలోంచి తీశాను. అట్ట ఊడిపోతే దారంతో కట్టిన పుస్తకం. పేరు, ఎక్కడి నుంచి, ఎవరిని కలవాలి, ఏం పని. నాలుగే గడులు. ఊరికే తిరగేస్తుంటే ఒకటి కంటికి ఆనింది. ‘ఎవరిని కలవాలి’ అన్న గడిలో చాలామంది ‘తెలియదు’ అని రాశారు. కొందరు గీత గీసి వదిలేశారు. ఒకాయన ‘నీళ్ల గురించి తెలిసినవాళ్లు’ అని రాశాడు.

ఇప్పుడు రిజిస్టర్ లేదు, ఆన్‌లైన్ ఫారం ఉంది. అందులో ఏ డిపార్ట్‌మెంట్ అన్నది తప్పనిసరి గడి, పక్కన ఎర్ర చుక్క. అది నింపకపోతే ఫారం ముందుకు కదలదు. ‘తెలియదు’ అనే ఆప్షనే లేదు.

కిందటేడు మాకు వచ్చిన అర్జీలన్నీ కూర్చుని చూశాను. దాదాపు అన్నీ పాత పరిచయాలే. ఇదివరకు మాతో పనిచేసిన బడులు, మెయిల్ ఐడీ ఉన్న సంఘాలు. మా వార్షిక నివేదికలో మాత్రం కార్యక్రమాల సంఖ్య పెరిగినట్టే ఉంది, ఎందుకంటే ఉన్నవాళ్లతోనే ఎక్కువ మీటింగులు పెట్టాం. ఇది మా ఒక్కరి ఖర్మా, అందరి సంగతీ ఇంతేనా?

రెండుబస్సులు | సోమవారం, ఉదయం 9:25

వచ్చేసింది! ‘వర్క్ ఫ్రమ్ హోమ్ వల్లే అంతా పాడైంది’ అనే టాపిక్ నెలకొకటైనా పడాల్సిందే ఇక్కడ.

రెండు బస్సులు మారి ఆఫీసుకు పోయేదాన్ని, మళ్లీ రెండు మారి వచ్చేదాన్ని. రోజుకు మూడున్నర గంటలు బస్సులోనే. ఇంటికొచ్చేసరికి పాప నిద్రపోయేది. ఇప్పుడు అది లెక్కల్లో ఎక్కడ తప్పు చేస్తుందో కూడా నాకు తెలుసు. ఇది ఏ వార్షిక నివేదికలోనూ రాదు.

ఇంకో మాట. ఆ రిజిస్టర్‌లో ‘తెలియదు’ అని రాసినవాళ్లకు ఆ రోజు ఏం జరిగిందో కూడా చెప్పండి. సగం మందిని ‘సార్ సీట్లో లేరు, రేపు రండి’ అని పంపించేవాళ్లం. తలుపు తెరిచి ఉండటం వేరు, లోపల మనిషి పలకడం వేరు.

ఇన్‌వర్డ్_నంబర్ | సోమవారం, ఉదయం 11:40

ఇరవయ్యారేళ్లుగా ఇన్‌వర్డ్ సెక్షన్‌లో, అంటే బయటి నుంచి వచ్చే కాగితాలు తీసుకుని నంబరు వేసే చోట ఉన్నాను. రెండుబస్సులు అమ్మా, ‘రేపు రండి’ అన్న పాపం మేమూ మూటగట్టుకున్నాం, కాదనను. కానీ ఒక్క సంగతి వినండి.

చాలా ఏళ్ల కిందట ఒక పెద్దావిడ మందు సీసాలో బావి నీళ్లు పట్టుకొచ్చింది. మూతకు గుడ్డ చుట్టి దారం కట్టింది. తిన్నగా పరీక్షల విభాగానికి వెళ్లి లైన్లో నిలబడింది. పరీక్షలు చేసేది అక్కడే అని బోర్డు మీద రాసి ఉంది కదా మరి! లైన్లో పిల్లలు నవ్వారు. మా అటెండర్ నవ్వలేదు. సీసా చూసి, ‘నాతో రా అమ్మా’ అని కెమిస్ట్రీ వాళ్ల దగ్గరికి తీసుకెళ్లాడు. అక్కడ ఒక రీసెర్చ్ కుర్రాడు ఖాళీగా దొరికాడు. ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువుందని తేలింది. తర్వాత ఆ డిపార్ట్‌మెంట్ నాలుగేళ్ల పాటు ఆ ఊరికి వెళ్లింది.

రిపోర్టులో దాన్ని ‘ప్రణాళికాబద్ధమైన సామాజిక కార్యక్రమం’ అని రాశారు. ప్రణాళికా లేదు, పాడూ లేదు. అటెండర్ వరండాలో ఉన్నాడు, అంతే.

ఆయన రిటైరయ్యాక ఆ పోస్టు నింపలేదు. జనమే రావడం లేదు కదా, అటెండర్ ఎందుకు అన్నారు.

పిపెట్ | సోమవారం, మధ్యాహ్నం 1:15

ల్యాబ్ టెక్నీషియన్‌ని. పిపెట్ (ద్రవాలు కొలిచే గొట్టం) ఇంటికి పట్టుకెళ్లలేను కాబట్టి హైబ్రిడ్ అనే మాట నా అపాయింట్‌మెంట్ ఆర్డర్‌కి వర్తించదు.

ఫ్లోరైడ్ మాటొచ్చింది కాబట్టి చెబుతా. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు. ఎలక్ట్రోడ్‌తో కొలవడం పెద్ద పనేం కాదు, కొలిచి ఇస్తాను. కానీ సీసా తెచ్చినవాళ్లకు కావాల్సింది అంకె కాదు. ఈ నీళ్లు పిల్లలకు పట్టొచ్చా, మరిగిస్తే పోతుందా అని అడుగుతారు. (పోదు. నీరు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది.) అది చెప్పాల్సిన ఫ్యాకల్టీ ఆ రోజు ఇంట్లో ఉంటారు. చెప్పే అధికారం నాకు లేదు, చెప్పకుండా పంపే మనసూ లేదు. ఫోన్ కలిపి స్పీకర్ పెడతా. అవతల కుక్కర్ విజిల్ వినబడుతుంది.

గేటు దగ్గర సెక్యూరిటీ, ఊడ్చేవాళ్లు, లైబ్రరీ కౌంటర్, హాస్టల్ వాళ్లు, మేము. ఇప్పుడు బయటివాళ్లకు విశ్వవిద్యాలయం అంటే మేమే. జీతాల పట్టికలో మాత్రం అందరికన్నా కింద. మీ వర్క్ ఫ్రమ్ హోమ్ వల్ల మాకొచ్చింది వర్క్ ఫ్రమ్ మీ సీటు. దీని మీద ఎవరూ టాపిక్ పెట్టరు.

లెక్కలమాస్టారు | సోమవారం, సాయంత్రం 4:30

కొంచెం లెక్కలు కలుపుతా, తిట్టకండి.

నికొలస్ బ్లూమ్ అనే ఆర్థికవేత్త బృందం చైనాలో ఒక ట్రావెల్ కంపెనీ కాల్‌సెంటర్‌లో చేసిన ప్రయోగాన్ని 2015లో ప్రచురించింది. ఇంటి నుంచి పనిచేసినవాళ్ల పనితనం 13 శాతం పెరిగింది, మానేసేవాళ్లు సగానికి తగ్గారు. అయితే అంతే బాగా పనిచేసినా ప్రమోషన్లు మాత్రం ఇంటి నుంచి చేసేవాళ్లకు తక్కువొచ్చాయి. 2024లో అదే కంపెనీలో 1,612 మంది మీద చేసిన ఇంకో ప్రయోగం నేచర్ పత్రికలో వచ్చింది. ఈసారి వారానికి రెండు రోజులే ఇల్లు. పనితనంలో, ప్రమోషన్లలో తేడా లేదు. మానేసేవాళ్లు మూడో వంతు తగ్గారు. ఆ తగ్గుదల ఎక్కువగా కనిపించింది ఆడవాళ్లలో, దూరం నుంచి వచ్చేవాళ్లలో, మేనేజర్లు కానివాళ్లలో.

కాబట్టి ‘ఇంట్లో ఉంటే పనిచేయరు’ అన్న మాట ఇక్కడితో ఆపేద్దాం. కానీ కిటికీపక్కసీటు గారు అడిగింది అది కాదు. ఆ ప్రశ్నకు దగ్గరగా వచ్చేది వేరే లెక్క. మైక్రోసాఫ్ట్‌లో 61,182 మంది ఉద్యోగుల మెయిళ్లు, కాల్స్, మీటింగుల వివరాలను 2020 మొదటి ఆరు నెలలకు పరిశీలించారు. అందరూ ఇంటికి మారాక, తమ గుంపు అవతలివాళ్లతో గడిపే సమయం వాటా దాదాపు నాలుగో వంతు పడిపోయింది. పాత బంధాలు గట్టిపడ్డాయి, కొత్తవి కలవడం తగ్గింది. ఆ పాత రిజిస్టర్‌కీ కొత్త ఫారానికీ తేడా అచ్చం ఇదే.

దీని వెనక ఇంకా పాత సంగతి ఒకటుంది. ఉద్యోగం కబురు ప్రాణస్నేహితుల కన్నా ముఖపరిచయం ఉన్నవాళ్ల ద్వారానే ఎక్కువగా తెలుస్తుందని మార్క్ గ్రనోవెటర్ అనే సోషియాలజిస్టు 1973లోనే రాశాడు. మనవాళ్లకు తెలిసింది మనకూ తెలిసే ఉంటుంది. కొత్త కబురు అవతలి గట్టు నుంచే రావాలి.

ఒక హెచ్చరిక కూడా. ఇవి కంపెనీల లెక్కలు. సీసాతో వచ్చిన పెద్దావిడ వీటిలో ఏ కాలమ్‌లోనూ లేదు. రానివాళ్లను ఎవరూ లెక్కపెట్టరు.

రెండుబస్సులు | సోమవారం, సాయంత్రం 4:42

‘ఆడవాళ్లలో, దూరం నుంచి వచ్చేవాళ్లలో.’ మాస్టారూ, ఆ లైను ప్రింట్ తీసి మా హెచ్ఓడీ టేబుల్ మీద పెడతా.

నాలుగుచక్రాలు | సోమవారం, రాత్రి 8:05

వీల్‌చైర్‌లో ఉంటాను. మా అడ్మిన్ భవనంలో లిఫ్ట్ పనిచేసిన రోజే నాకు ఆఫీసు. అందరూ ఆఫీసుకు రావాలని సర్క్యులర్ వచ్చిన ప్రతిసారీ ‘లిఫ్ట్ పనిచేస్తోందా?’ అని ఒక లైను రిప్లై పెడతాను. ఇప్పటిదాకా జవాబు రాలేదు.

మీరంతా అప్పట్లో తలుపు తెరిచే ఉండేది అంటున్నారు. ఎవరికి? మెట్లెక్కగలిగినవాళ్లకు. కౌంటర్ దగ్గర గట్టిగా మాట్లాడగలిగినవాళ్లకు. మా సెక్షన్‌కి వినికిడి లేనివాళ్ల సంఘం నుంచి మొదటి అర్జీ వచ్చింది ఆన్‌లైన్ అయ్యాకే. అంతకుముందు కూడా రెండుసార్లు వచ్చారట. అద్దం వెనక ఉన్న మనిషికి ఏం కావాలో చెప్పలేక వెనక్కి పోయారట. వాళ్లు ఏ రిజిస్టర్‌లోనూ లేరు సార్. పాత రోజుల్లో కూడా రానివాళ్లను ఎవరూ లెక్కపెట్టలేదు.

ఇన్‌వర్డ్_నంబర్ | సోమవారం, రాత్రి 8:20

ఒప్పుకుంటున్నా. ఆ అద్దం వెనక మనిషి నేనే అయ్యుండొచ్చు.

సగంరిటైర్ | మంగళవారం, ఉదయం 6:30

రిటైరై రెండేళ్లయినా క్లాసులకు పిలుస్తూనే ఉన్నారు, అందుకే ఈ పేరు.

పాత పాఠం ఒకటి గుర్తొచ్చింది. విశ్వవిద్యాలయం గోడ దాటడం దూరంతోనే మొదలైంది. లండన్ విశ్వవిద్యాలయం 1858 నుంచే బయట ఎక్కడ చదువుకున్నవాళ్లకైనా డిగ్రీ పరీక్షలు పెట్టింది. 1867లో జేమ్స్ స్టూవర్ట్ అనే కేంబ్రిడ్జ్ కుర్ర అధ్యాపకుడు ఉత్తర ఇంగ్లండ్ పట్టణాల్లో ఆడవాళ్లకు పాఠాలు చెప్పడానికి వెళ్లాడు. పెళ్లికాని మగాడు, ఎదురుగా ఆడపిల్లలు. నోటితో ప్రశ్నలూ జవాబులూ నడిస్తే బాగోదన్నారు. ఆయన ప్రశ్నలు అచ్చువేయించి పంచాడు, వాళ్లు జవాబులు రాసి పంపేవారు. మొహమాటం కొద్దీ పుట్టిన ఆ పద్ధతి తర్వాత బాగా పాకింది. 1873లో కేంబ్రిడ్జ్ ఈ బయటి పాఠాలను అధికారికంగా తన కిందికి తీసుకుంది.

అమెరికా ఇంకో దారి పట్టింది. 1914 నాటి స్మిత్-లీవర్ చట్టంతో అక్కడి వ్యవసాయ కళాశాలల మనుషులు కౌంటీలకు (మన జిల్లాల్లాంటివి) వెళ్లి, రైతుల మధ్యే ఆఫీసు పెట్టుకుని కూర్చున్నారు.

అంటే క్యాంపస్ సీట్లో మనిషి లేకపోవడం కొత్తేం కాదు. వాళ్లు సీట్లో లేనప్పుడు జనంలో ఉన్నారు. మనం సీట్లో లేనప్పుడు ఇంట్లో ఉన్నాం. వారానికి మూడు రోజులు ఆఫీసు అక్కర్లేదని తేలింది కదా, అందులో ఒక రోజు ఏ ఊరి బడిలోనో కూర్చుని అదే ల్యాప్‌టాప్‌తో అదే పని చేస్తే ఏం పోతుంది? నేను సర్వీసులో ఉండగా ఇది నాకూ తట్టలేదు, అది వేరే సంగతి.

పాస్‌వర్డ్_మర్చిపోయా | మంగళవారం, ఉదయం 10:10

ఐటీ సపోర్ట్. అందరూ ఆన్‌లైన్ మీద పడుతున్నారు కాబట్టి దాని తరఫున ఒక మాట. 2007లో మొదలైన గెలాక్సీ జూ గుర్తుందా? ఆకాశం ఫొటోలు ఇంటర్నెట్‌లో పెట్టి, ఏ గెలాక్సీ ఏ ఆకారంలో ఉందో చెప్పమని మామూలు జనాన్నే అడిగారు. మొదటి ఏడాదిలోనే లక్షన్నర మందికి పైగా కలిసి ఐదు కోట్లకు పైగా జవాబులు ఇచ్చారు. హానీ ఫాన్ ఆర్కెల్ అనే డచ్ స్కూల్ టీచర్ అందులో ఎవరూ చూడని ఒక వింత వస్తువును పట్టేసింది. ఏ వరండాలో నిలబడితే ఇది జరుగుతుంది?

ఆ ఎర్ర చుక్క సంగతి. అలాంటి ఫారాలు చేసేది మాలాంటివాళ్లమే. డిపార్ట్‌మెంట్ తెలియకపోతే మెయిల్ ఎవరికి పోవాలో సిస్టమ్‌కు తెలీదు, అందుకే తప్పనిసరి చేస్తాం. ‘తెలియదు’ అనే ఆప్షన్ కలపడం పది నిమిషాల పని. అది ఎవరి ఇన్‌బాక్స్‌లో పడాలో తేల్చడం పది మీటింగుల పని.

బయటివాడు | మంగళవారం, మధ్యాహ్నం 12:50

నేను మీ అందరికీ అవతలివైపు. ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ తరఫున విశ్వవిద్యాలయాల చుట్టూ తిరిగేవాణ్ణి.

మీ ఆన్‌లైన్ వర్క్‌షాప్ మా వైపు నుంచి ఎలా ఉంటుందో చెప్పనా? ఒక ఫోన్, ఐదుగురు ఆడవాళ్లు. ఫోన్‌ని ఇటుకకు ఆనించి నిలబెడతాం. అది జారుతుంటే ఒకరు పట్టుకుంటారు, కెమెరాకి బొటనవేలు అడ్డం. మీకు స్క్రీన్ మీద గోధుమరంగు మచ్చ కనబడుతుంది, ‘అటెండెన్స్ 1’ అని రాసుకుంటారు. మేడమ్ చక్కగా స్లైడ్లు చూపించి ‘ఎనీ డౌట్స్?’ అంటారు. మ్యూట్ తీయడం మాకు వచ్చేలోపు ‘సరే, థాంక్యూ’ అని కట్ చేస్తారు. డౌట్లు ఉన్నాయి మేడమ్. ఫోన్ పెట్టేశాక ఆ ఐదుగురూ నన్నే అడిగారు, అరగంట సేపు.

మేడమ్ మంచావిడే, ఆవిణ్ణి అనడం లేదు. ఆవిడ ఎదురుగా ఉంటే ఐదు మొహాలు కనబడేవి, అర్థం కాలేదని నోరు విప్పక్కర్లేకుండానే తెలిసేది.

ఇంకో పక్క, నిధుల మీటింగులు, ఒప్పందాల మీద చర్చలు ఆన్‌లైన్‌లో జరిగితే మాకే హాయి. వాటి కోసం రోజంతా ప్రయాణం చేసి పది నిమిషాలు మాట్లాడి వచ్చేవాళ్లం. అవి మళ్లీ ఆఫీసుకు తేవద్దు, దండం పెడతా.

కొత్తగా_చేరా | మంగళవారం, మధ్యాహ్నం 2:35

చేరి పద్నాలుగు నెలలు. ఇంటర్వ్యూ నుంచి ఇండక్షన్ దాకా అన్నీ స్క్రీన్ మీదే. నా పని నాకు వచ్చు. కానీ ఇన్‌వర్డ్ సార్ చెప్పిన అటెండర్‌లా సీసా చూడగానే ఎక్కడికి తీసుకెళ్లాలో నాకు తెలియదు. ఏ డిపార్ట్‌మెంట్‌లో ఎవరు ఎలాంటివారో, ఎవరు కసురుకుంటారో, ఎవరు ఓపిగ్గా వింటారో ఏ హ్యాండ్‌బుక్‌లోనూ లేదు. గ్రూప్ చాట్‌లో అడగాలంటే రెండు వందల మంది చూస్తారని భయం. పక్క సీటు ఉంటే మెల్లిగా అడిగేసేదాన్ని.

పెద్దపీట | మంగళవారం, సాయంత్రం 5:00

నేను నిర్ణయాలు తీసుకునే కుర్చీలో ఉన్నాను, తిట్లు తినడానికి సిద్ధపడే రాస్తున్నా. పరిష్కారం సింపుల్, అందరినీ ఐదు రోజులూ రప్పించడమే. కష్టాలు అందరికీ ఉంటాయి. క్రమశిక్షణ పోయింది.

రెండుబస్సులు | మంగళవారం, సాయంత్రం 5:08

రప్పించండి సార్. వచ్చి సీట్లో హెడ్‌ఫోన్ పెట్టుకుని పక్క బిల్డింగ్ వాళ్లతో ఆన్‌లైన్ మీటింగ్‌లోనే కూర్చుంటాం. కిందటి నెల అదే చేశాం.

క్రమశిక్షణ అన్నారు కాబట్టి ఇంకోటి. ఆఫీసు ల్యాండ్‌లైన్ ఎత్తేవాళ్లు లేరని బయటి సంఘాలన్నింటికీ నా సొంత నంబరు ఇచ్చారు. రాత్రి పదింటికి కూడా ఫోన్ వస్తుంది. వాళ్ల తప్పు కాదు, పగలంతా వాళ్లకు పనులుంటాయి. ఎత్తకపోతే పాపం, ఎత్తితే ఇంట్లో గొడవ. ఫ్రాన్స్‌లో 2017 నుంచే పని వేళ దాటాక ఫోన్లకూ మెయిళ్లకూ దూరంగా ఉండే హక్కు చట్టంలో ఉంది. మాకు అదంతా వద్దు, ఒక ఆఫీసు సిమ్ ఇస్తే చాలు.

పెద్దపీట | మంగళవారం, సాయంత్రం 5:15

సిమ్ సంగతి నా దృష్టికి రాలేదు.

పిపెట్ | మంగళవారం, సాయంత్రం 5:16

రాదు సార్. మీరూ గేటు దగ్గర ఉండరు కదా.

మోడరేటర్ | మంగళవారం, సాయంత్రం 5:40

ఇక్కడితో వ్యక్తిగతం ఆపండి. పై రెండు పోస్టుల తర్వాత వచ్చిన తిట్లు నాలుగు తీసేశాను.

లెక్కలమాస్టారు | మంగళవారం, రాత్రి 9:10

పెద్దపీట గారికి మర్యాదగానే ఒక మాట. అందరూ ఒకే ప్రాంగణంలో ఉంటే చాలు, కలిసిపోతారు అనుకోవడానికి లేదు. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో థామస్ అలెన్ అనే ఆయన 1970ల్లో ఇంజనీర్ల సీట్ల మధ్య దూరం కొలిచి చూశాడు. యాభై మీటర్లు దాటితే వాళ్ల మధ్య మాటలు దాదాపు అడుగంటాయి. మన కెమిస్ట్రీ బ్లాక్‌కీ అడ్మిన్ బ్లాక్‌కీ మధ్య అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. ఆ దూరాన్ని కలిపింది మనుషుల హాజరు కాదు, తిరిగే అటెండర్. ఎన్ని రోజులు రావాలి అన్నది కాక, ఏ పనికి ఎవరు ఎక్కడ ఉండాలి అని అడగాలి. జీతాల బిల్లు ఎక్కడ కూర్చుని చేసినా ఒకటే. గడప దగ్గర పని గడప దగ్గరే చేయాలి.

కిటికీపక్కసీటు | మూడు వారాల తర్వాత, బుధవారం, సాయంత్రం 6:20

ఇన్నాళ్లు మాయమైనందుకు సారీ. రెండు పనులు మొదలుపెట్టాం, సంగతులు చెబుతా.

మొదటిది ఫారం. ‘తెలియదు’ ఆప్షన్ వచ్చింది. అది నేరుగా నాకూ కొత్తగా చేరిన ఇంకో అమ్మాయికీ వస్తుంది. (మీటింగులు పది కాలేదు, మూడే.) ఇప్పటిదాకా పదకొండు వచ్చాయి. నాలుగింటికి మాతో సంబంధమే లేదు, ఒకటి కరెంటు బిల్లు గురించి. మిగతా ఏడూ కొత్తవాళ్లవే. వీడియోల కింద అక్షరాలు పడేలా చేసి పెట్టమని ఒక సంఘం రాసింది, నాలుగుచక్రాలు గారికి ఈ మాట చెప్పాలనుకున్నా.

రెండోది, బుధవారం పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా గేటు లోపల ఒక టేబుల్. వంతులవారీగా ఒక ఫ్యాకల్టీ, ఒక ఆఫీసు మనిషి. ల్యాబ్ వాళ్లకు, ఎలాగూ రోజూ వచ్చేవాళ్లకు వంతు వేయలేదు. దూరం నుంచి వచ్చేవాళ్లకు నెలకు ఒక్కటే. అయినా ఇద్దరు గొణిగారు. సగంరిటైర్ గారి ఊరి బడి ఆలోచన ఫైలు మీద ఉంది, ప్రయాణ ఖర్చు (టీఏ) ఎవరివ్వాలో తేలలేదు. సిమ్ కూడా ఇంకా రాలేదు.

మొదటి బుధవారం ఎవరూ రాలేదు. పదకొండున్నరకు గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన టోపీ తీసి పట్టుకుని వచ్చాడు. కూతురి సర్టిఫికెట్‌లో పేరు తప్పు పడిందట, ఎవరిని అడగాలి అన్నాడు. ఏడేళ్లుగా ఆ గేటు దగ్గరే ఉన్నాడు. రోజూ మా అందరికీ నమస్కారం పెట్టే మనిషి. రిజిస్టర్ ముందుకు జరిపాను. ‘ఎవరిని కలవాలి’ అన్న గడి దగ్గర పెన్ను ఆపి నా మొహం చూశాడు.

ఆ పని ఈ మధ్యాహ్నం అయింది.

పిపెట్ | బుధవారం, సాయంత్రం 6:31

ఆయన నాకు తెలుసు. ఎప్పుడూ అడగలేదే నన్ను.

బయటివాడు | బుధవారం, రాత్రి 7:45

మీది ఏ విశ్వవిద్యాలయమో అడగను కానీ, మా దగ్గరివాళ్లు కూడా ఇలాంటి టేబుల్ వేస్తే ఒక్క మనవి. గేటు లోపల కాదు, బయట వేయించండి. లోపలికి రావాలంటే ఎవరిని కలవాలో రాయమంటారు.

కిటికీపక్కసీటు | బుధవారం, రాత్రి 7:58

అయ్యో. వచ్చే బుధవారం బయటికి జరుపుతాం.